మేనమామ ఆల్బమ్‌లోని ఫొటో: ఓణీల ఫంక్షన్ తర్వాత మా దగ్గరకు వచ్చిన ఒక కేసు

ఒంగోలులో కుటుంబాలకు, పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. ఈ కేసు గురించి రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, పాప కూడా ఒప్పుకుంది. పాప వద్దంటే రాసేదాన్ని కాదు. ఊరి పేరు, వృత్తులు, ఫంక్షన్ జరిగిన నెల, ఇంకొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

పిల్లల ఫొటోల మాట వచ్చినప్పుడు అందరూ ఇచ్చే సలహా 'సెట్టింగులు మార్చుకోండి' అని. మార్చుకోవాల్సిందే. కానీ మన సెట్టింగులు మన అకౌంట్ వరకే పనిచేస్తాయి. ఈ కేసులో గొడవకు కారణమైన ఫొటో తల్లిదండ్రుల అకౌంట్లలో లేదు, పాప ఫోన్‌లో అసలే లేదు. దాన్ని తీయించాలంటే ఫోన్ గురించి తెలిస్తే చాలదు, ఆ ఇంటి వరసలు తెలియాలి. ఎవరు ఎవరికి చెబితే వింటారో తెలియాలి.

నేపథ్యం

ప్రకాశం జిల్లాలో ఒక పట్టణం. తండ్రికి బజారులో సొంత కొట్టు. తల్లి పుట్టిల్లు నెల్లూరు వైపు. ఇద్దరు పిల్లల్లో పెద్దది ఎనిమిదో తరగతి. తల్లికి ఒక తమ్ముడు, విదేశంలో ఉద్యోగం. అక్క కూతురి ఓణీల ఫంక్షన్ కోసమే సెలవు పెట్టి వచ్చాడు. పట్టు లంగాఓణీ, నగ, సారె అన్నీ మేనమామగా దగ్గరుండి తెచ్చాడు.

ఫంక్షన్ కల్యాణ మండపంలో ఘనంగా చేశారు. ఎల్‌ఈడీ స్క్రీన్, డ్రోన్, యూట్యూబ్ లైవ్. లైవ్ లింకును పిలుపు కార్డుతో పాటే వాట్సాప్‌లో అందరికీ పంపారు. తర్వాత స్టూడియో వాళ్లు తమ ఛానెల్‌లో వీడియో ఉంచేశారు, పేజీలో కొన్ని ఫొటోలు పెట్టారు. తండ్రి తన ఫేస్‌బుక్‌లో పెట్టి చుట్టాలందరినీ ట్యాగ్ చేశాడు. మేనమామ స్టూడియో నుంచి ఒరిజినల్ ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అక్కడి స్నేహితులకు మన సంప్రదాయం చూపించాలని మొత్తం ఆల్బమ్ పబ్లిక్‌గా పెట్టాడు. ఇందులో ఏదీ మా వైపు వింత కాదు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అందరూ ఆ పిల్ల మీద ప్రేమతోనే పెట్టారు.

వచ్చిన సమస్య

తల్లిదండ్రులు వచ్చింది ఫొటోల గురించి కాదు. పాప స్కూలుకు పోనంటోందని, పొద్దున లేవగానే కడుపునొప్పి అంటోందని, ట్యూషన్ మానేసిందని వచ్చారు. డాక్టరుకు చూపించారు, ఏమీ లేదన్నారు. నాన్న మాట్లాడిస్తే తల దించుకుని కూర్చుంటోంది. 'ఫోన్ వల్లే ఇదంతా' అని ఫోన్ లాగేసుకున్నారు.

అసలు మాట కాసేపటికి బయటపడింది. పాప పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అకౌంట్ కనిపించింది. పెదనాన్న కొడుకు చూసి ఇంట్లో చెప్పాడు. అందులో ఫంక్షన్ ఫొటోలు ఉన్నాయి, ఇంట్లో పిలిచే ముద్దుపేరు ఉంది, స్కూలు పేరు ఉంది. ఆ అకౌంట్ నుంచి క్లాసు పిల్లలకు, ట్యూషన్ పిల్లలకు 'నేనే, ఇది నా కొత్త అకౌంట్' అని మెసేజులు పోతున్నాయి. కొందరిని ఫోన్ నంబర్లు, ఫొటోలు అడుగుతున్నారు. ఇంట్లో వాళ్ల అనుమానం ఒక్కటే: పిల్ల ఎవరో అబ్బాయితో మాట్లాడుతోంది, తనే ఫొటోలు పంపింది, ఇప్పుడు భయపడి చెప్పడం లేదు.

తండ్రి నన్ను సూటిగా అడిగాడు: "దాని ఫోన్లోంచి కాకపోతే ఫొటోలు ఎట్టా పోయినాయి మేడమ్?"

పాపతో మాట్లాడే ముందు ఈ ప్రశ్నకే జవాబు వెతకాలనుకున్నాను. ఇంట్లో వాళ్లు పిల్లను నిందితురాలిగా చూస్తున్నంతకాలం ఆమె నాతో ఏం చెప్పినా వాళ్లకు అది విచారణలో వాంగ్మూలమే. ఒప్పుకుందా లేదా అన్నదే వింటారు. ముందు ఆ అనుమానం తేలిపోవాలి, తర్వాతే పిల్ల నోరు విప్పుతుంది.

ఒక ఫొటో దగ్గర ఆగాం

ఆ అకౌంట్‌లో ప్రొఫైల్ ఫొటోగా ఉన్నదాన్ని పెద్దది చేసి, స్టూడియో పేజీలో ఉన్న అదే ఫొటో పక్కన పెట్టి తల్లికి చూపించాను. స్టూడియో పెట్టినదాంట్లో కింద కుడివైపు బంగారు రంగు అక్షరాలతో వాళ్ల పేరుంది. ఫొటోను పాప చుట్టూ దగ్గరగా కత్తిరించారు. దొంగ అకౌంట్‌లోని ఫొటో మీద ఆ పేరు లేదు, ఎడమవైపు ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తోంది. అరటిపళ్లు, పసుపుకుంకుమ పొట్లాలు పెట్టిన సారె పళ్లెం అంచు, ఆ పళ్లెం పట్టుకున్న చెయ్యి, ఆ చేతికి గోధుమరంగు తోలు పట్టీ వాచీ. తల్లి చూడగానే గుర్తుపట్టింది. "మా తమ్ముడి చెయ్యి."

మేనమామ పబ్లిక్ ఆల్బమ్ తెరిచాం. కత్తిరించని అదే ఫొటో అక్కడుంది. తండ్రి పెట్టినవన్నీ ప్రింట్ ఆల్బమ్‌ను ఫోన్‌తో తీసినవి, వాటి మీద లైటు మెరుపు పడింది. పాప ఫోన్‌లో ఉన్నవి వాట్సాప్‌లో స్నేహితురాళ్లు పంపినవే. ఈ రూపంలో ఈ ఫొటో బయటి మనిషికి దొరికే చోటు మేము చూసినంతలో ఒక్కటే.

తండ్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇదంతా మా బావమరిది చేసిన పనా?" అన్నాడు. కూతురి మీది కోపం ఒక్క నిమిషంలో బావమరిది మీదికి మళ్లింది. నాకు అదీ ప్రమాదంగానే కనిపించింది. దోషి మారితే చాలదు, అలవాటు కనపడాలి.

అందుకే ఆ తర్వాతి పని తల్లితో చేయించాను. మా ఆఫీసులో ఒకరి ఫోన్ తీసుకుని, వాళ్లతో ఏ పరిచయమూ లేని అకౌంట్ నుంచి తండ్రి ప్రొఫైల్ తెరిచాం. ఆ పిల్ల గురించి ఒక కొత్త మనిషికి ఏమేం తెలుస్తుందో తెల్లకాగితం మీద రాయమన్నాను. పుట్టినరోజు కేకు మీద అంకె, కింద తేదీ. జూన్‌లో బడి తెరిచిన రోజు గేటు ముందు ఫొటో, మెడలో ఐడీ కార్డు. గృహప్రవేశం ఫొటోలో ఇంటి నంబరు. ట్యూషన్ సార్ పెట్టిన ర్యాంకుల పోస్టులో ట్యాగ్. అన్నిటికన్నా ఎక్కువ కామెంట్లలో దొరికింది. 'మా చిన్నిగాడు ఎంత ఎదిగిపోయిందో' అని ఒక పెద్దమ్మ, 'అత్తయ్యా, మమ్మల్ని పిలవలేదే' అని ఒక కోడలు, 'అమ్మమ్మ వాళ్లూరు ఎప్పుడొస్తారు' అని ఇంకొకరు. ముద్దుపేరు, అమ్మమ్మ ఊరు, ఎవరు ఎవరికి ఏమవుతారు, అన్నీ అక్కడే. కాగితం రెండో వైపు కూడా నిండింది. తల్లి కలం పక్కన పెట్టి "ఇదంతా మేమే చెప్పుకున్నామా" అంది.

ఇక్కడ ఒక పక్క మాట. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. జిరాక్స్ షాపు నుంచి లాడ్జీ దాకా ఆ ఫైలును వాట్సాప్‌లో పంపేస్తుంటాం, దాన్ని తెరిచే తాళం పుట్టినరోజు పోస్టులో పెడుతున్నాం. ఫొటోతో ప్రమాదమంటే ముఖం మార్ఫింగ్ ఒక్కటే అనుకునేవాళ్లకు ఇది చెబుతుంటాను.

మేము చూడకముందు చేసినవి

పెదనాన్న కొడుకు ఆవేశంగా ఆ దొంగ అకౌంట్‌కు బూతులు పంపాడు. అవతలివాళ్లు అతన్ని బ్లాక్ చేసి, యూజర్‌నేమ్ మార్చేశారు. పాత పేరుతో వెతికితే దొరకలేదు. ఈలోపు ఎవరూ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోలేదు. క్లాసులో ఒక అమ్మాయి కొత్త పేరు చెప్పబట్టి మళ్లీ దొరికింది.

స్నేహితురాళ్లంతా కలిసి అకౌంట్‌ను రిపోర్ట్ కొట్టారు. ఫలితం లేదు. ఒకరిలా నటిస్తున్నారన్న ఫిర్యాదును ఆ మనిషి గానీ, వాళ్ల తరఫున తల్లిదండ్రుల్లాంటి వాళ్లు గానీ చేస్తేనే ఇన్‌స్టాగ్రామ్ పరిశీలిస్తుంది. వందమంది స్నేహితులు చెప్పేదానికన్నా తల్లి ఒక్కతే నింపిన ఫారానికి విలువెక్కువ.

ఫోన్ లాగేసుకోవడం వల్ల జరిగిన నష్టం పెద్దది. దొంగ అకౌంట్ ఎవరికి ఏం పంపుతోందో పాపకు చెప్పేది స్నేహితురాళ్లే. ఫోన్ పోవడంతో ఆ కబురు ఆగిపోయింది. పైగా తప్పు తనదే అని ఇంట్లో తేల్చేశారని పిల్లకు అర్థమైంది.

ఫిర్యాదు ఏ వరుసలో

తండ్రి తొందర: ముందు అకౌంట్ తీయించాలి. నేను ముందు సాక్ష్యం అన్నాను. అకౌంట్ పోయాక పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదు. ఒక సాయంత్రం ఆలస్యమైనా సరే, ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోవడం, యూజర్‌నేమ్, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయడం, స్నేహితురాళ్ల ఫోన్లలోని మెసేజులు వాళ్ల తల్లుల ముందు తీయించుకోవడం పూర్తి చేశాం. ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే చాలు కదా అని తండ్రి అడిగాడు. ఆ నంబరు ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు వెంటనే ఆపించడానికి. ఇలాంటి కేసుకు పోర్టల్ ఇచ్చిన ఫిర్యాదు నంబరు పట్టుకుని స్టేషన్‌కు వెళ్లడం మంచిది. వేరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉందని చెప్పాక తండ్రికి కొంచెం ధైర్యం వచ్చింది. అప్పటిదాకా స్టేషన్ అంటే పరువు పోతుందన్న భయమే.

ఆఖరున తల్లి పేరుతో ప్లాట్‌ఫామ్‌కు రిపోర్ట్. 2021 ఐటీ నియమాలు వేరొకరిలా నటించే అకౌంట్ల మీద, మార్ఫింగ్ ఫొటోల మీద బాధితుల ఫిర్యాదు అందితే 24 గంటల్లో చర్య తీసుకోవాలన్నాయి (2026లో ఈ గడువును ఇంకా తగ్గించారు). ఫారంలో ఆ మాట గుర్తుచేస్తూ రాయించాను. అకౌంట్ పోయింది.

ఈ మధ్యలో ఒకటి ఆపాల్సి వచ్చింది. ట్యూషన్‌లో ఒక అబ్బాయి మీద ఇంట్లో అనుమానం. వాళ్లింటికి పోయి అడుగుతామని పెదనాన్న బయల్దేరాడు. ఆపింది వాచీ ఫొటోనే. ఆ ఆల్బమ్ లోకమంతా చూడొచ్చు. తీసుకున్నది పక్క వీధివాడైనా కావచ్చు, పక్క రాష్ట్రం వాడైనా కావచ్చు. రుజువు లేకుండా ఒక పిల్లాడి గడప తొక్కితే, మన పిల్లకు జరిగినదే ఇంకో పిల్లాడికి మనం చేసినట్టవుతుంది. ఆ పని పోలీసులకు వదిలేయమన్నాను.

మేనమామ

తండ్రి అప్పటికే ఒక రాత్రి బావమరిదికి ఫోన్ చేసి 'నీ వల్ల నా కూతురు బజారున పడింది, తీసెయ్' అనేశాడు. అవతల అతను "నా మేనకోడలి ఫొటో నేను పెట్టుకోకూడదా" అని ఫోన్ పెట్టేసి, ఫ్యామిలీ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆల్బమ్ అలాగే ఉంది.

చట్టం చూశాం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కానీ అది సంస్థలకు. ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునేదాన్ని ఆ చట్టం మినహాయించింది. పైగా తల్లిదండ్రులే పిల్లల సమాచారానికి కాపలా అన్న నమ్మకం మీద ఆ నియమం నిలబడింది. ఫొటోలు పెట్టేది ఇంట్లో వాళ్లే అయినప్పుడు ఆ కాపలా ఎవరు కాయాలి? నా పనిలో పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఇది.

నోటీసులతో, రిపోర్టులతో మేనమామ మీదికి వెళ్తే ఆల్బమ్ పోవచ్చు, అక్కాతమ్ముళ్ల మధ్య రాకపోకలు కూడా పోతాయి. పాపకు ఆ భారం కూడా తోడవుతుంది. అతని కోపం ఎక్కడిదో ఆలోచించాం. సెలవు పెట్టి, ఖర్చు పెట్టి, మేనమామ మర్యాద నిలబెట్టుకుంటే చివరికి తనను దోషిని చేశారు. కాబట్టి అడిగేది బావ కాకూడదు, నిందతో మొదలవకూడదు. అతను ఎవరి మాట కాదనడు అని తల్లిని అడిగితే ఆలోచించకుండా చెప్పింది: అమ్మమ్మ.

అమ్మమ్మ నెల్లూరు వైపు నుంచి వచ్చి మనవరాలి దగ్గర ఉంది. కొడుకు మామూలుగా ఫోన్ చేసే ఆదివారం దాకా ఆగమన్నాను. ఆవిడ మాట్లాడింది తల్లి నాకు తర్వాత చెప్పింది. "అబ్బయ్యా, పాప ఏడస్తా ఉండాది. నీ మీద ఎవురికీ కోపం లేదు. ఆ ఫొటోలు నీ కాడే పెట్టుకో, ఊరందరికీ చూపించబాక." అంతే. దొంగ అకౌంట్ స్క్రీన్‌షాట్లు ఆవిడ పంపలేదు, పంపొద్దని నేనే అన్నాను. చూపిస్తే అది నిరూపించడం అవుతుంది, అడగడం అవదు. అతను ఆ రాత్రే ఆల్బమ్ తీసేశాడు. ఏం జరిగిందో తర్వాత అక్కకు తనే ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాడు.

స్టూడియో

యూట్యూబ్‌కు ప్రైవసీ ఫిర్యాదు చేయొచ్చు. అలా చేస్తే సాధారణంగా వీడియో పెట్టినవాళ్లకు 48 గంటల గడువిచ్చి, తర్వాత యూట్యూబ్ పరిశీలిస్తుంది. దాన్ని వెనక దాచుకుని ముందు మనిషిని కలవమన్నాను. ఎందుకంటే ఛానెల్‌లో ఉన్నది ఒక వీడియోనే. రీల్స్ ఉన్నాయి, షాపు అద్దంలో ఫ్రేము ఉంది, హార్డ్‌డిస్క్‌లో మొత్తం ఉంది. అవన్నీ అతని మంచితనం మీదే ఆధారపడి ఉన్నాయి.

అతను మర్యాదగానే విన్నాడు. "అవి చూసే మాకు తర్వాతి ఆర్డర్లు వస్తాయి మేడమ్" అన్నాడు. అది నిజం. వీడియోను అన్‌లిస్టెడ్‌గా మార్చాడు. సరిపోలేదు. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లు చూడొచ్చు. ఆ లింకు పిలుపు కార్డుతో పాటు అన్ని గ్రూపుల్లోకీ వెళ్లింది. క్లాసులో మగపిల్లలు చూస్తున్నారని పాపే చెప్పింది. మళ్లీ అడిగితే ప్రైవేట్ చేశాడు. మండపం అలంకరణ, పళ్లెం సర్దిన ఫొటోలు, పాప ముఖం లేనివి, ప్రచారానికి వాడుకోవచ్చని తల్లిదండ్రులు రాసిచ్చారు. ఫ్రేము అదే రోజు దించేశాడు.

పాప చెప్పింది

ఇంట్లో అనుమానం పోయాక పాప మాట్లాడింది. అన్నీ రాయను. ఆమెను ఎక్కువ బాధపెట్టింది దొంగ అకౌంట్ కాదు. మంగళస్నానం దగ్గర్నుంచి లైవ్‌లో వచ్చింది. పెద్దమనిషైన సంగతి ఇంట్లో ఆడవాళ్ల మధ్య మాట అనుకుంది. అది క్లాసులో పక్క బెంచీ వాళ్లకూ లింకుగా వచ్చింది. సోమవారం బడికి వెళ్తే ఎవరో నవ్వారు. కడుపునొప్పి ఆ రోజే మొదలైంది, దొంగ అకౌంట్ ఆ తర్వాత వచ్చింది. తల్లిదండ్రులు దాన్ని ఇంకా 'వేడుక' గానే చూస్తున్నారు కాబట్టి ఈ రెండూ వాళ్లకు కలవలేదు.

ఏం కావాలని అడిగితే స్పష్టంగా చెప్పింది. స్నానం ఫొటోలు అందరి ఫోన్లలోంచి తీసెయ్యాలి. నాన్న స్టేటస్‌లో తన ఫొటో పెట్టేముందు తనకు చూపించాలి. స్నేహితురాళ్లతో ఉయ్యాల దగ్గర దిగిన ఫొటో మాత్రం ఉంచాలి, అది తనకిష్టం. ఫొటోలే వద్దని పిల్ల అనలేదు. ఏవి ఎవరు చూడాలో తనను అడగమంది.

తండ్రికి ఇది నేను చెప్పలేదు. పాప రాసిన కాగితం పాప అనుమతితో ఇచ్చాను. ఆయన ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నిటినీ ఒకేసారి స్నేహితులకు పరిమితం చేసే ఏర్పాటు ఉంది, అది చేయించాం. ట్యాగ్ చేస్తే ముందు తను ఒప్పుకోవాలన్న సెట్టింగు పెట్టించాం. వాట్సాప్ డీపీ కాంటాక్టులకే కనపడేలా, స్టేటస్ ఎంచుకున్న కొద్దిమందికే వెళ్లేలా మార్పించాం. కొట్టుకు వచ్చే ప్రతి కస్టమరూ, సేల్స్‌మనూ ఆయన కాంటాక్టుల్లో ఉన్నారు. వాళ్లందరికీ ఇన్నేళ్లుగా కూతురి స్టేటస్ వెళ్తోందని ఆయనకు అప్పుడే తట్టింది.

బడిలో ప్రేయర్ దగ్గర అందరికీ ఈ విషయం చెప్పి జాగ్రత్తలు చెబుతామన్నారు. వద్దని తల్లి చేత చెప్పించాను. మంచి ఉద్దేశమే, కానీ పేరు చెప్పకపోయినా ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది. క్లాసు టీచరు ఒక్కరికే చెప్పి, నవ్విన పిల్లలతో విడిగా మాట్లాడమన్నాం. ఫోన్ తిరిగి ఇచ్చారు. ముందు ట్యూషన్‌కు, తర్వాత బడికి వెళ్లడం మొదలైంది.

తర్వాత నేను మార్చుకున్న పద్ధతి

దొంగ అకౌంట్, డబ్బు బెదిరింపు, మార్ఫింగ్, ఏదైనా సరే, పిల్ల ఫొటోతో వచ్చే ప్రతి కేసులో ఇప్పుడు ముందు ఫొటో ఎక్కడి నుంచి వెళ్లిందో వెతుకుతాను. ఫొటో అంచులు, కత్తిరింపు, స్టూడియో పేరు, లైటు మెరుపు చూస్తే చాలాసార్లు దారి దొరుకుతుంది. అది దొరికితే పిల్ల మీద నింద సగం తగ్గుతుంది.

ఓణీల ఫంక్షన్, పుట్టువెంట్రుకలు, పెళ్లి ఏదైనా స్టూడియోకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే లైవ్ కావాలా, కావాలంటే ఏ ఘట్టం నుంచి, వీడియో ఎన్నాళ్లు ఉంటుంది, పేజీలో ఏ ఫొటోలు పెట్టొచ్చు అన్నది బుకింగ్ కాగితం మీద రాయించుకోమంటున్నాను. దూరాన ఉన్న చుట్టాలు చూడాలంటే ప్రైవేట్ వీడియోకు వాళ్ల ఈమెయిల్స్ చేర్చొచ్చు. అడ్వాన్సు ఇవ్వకముందు అడిగితే ఏ స్టూడియో కాదనదు. వేడుకైపోయాక అడిగితే అది తగాదా అవుతుంది.

ఈ కేసులో మిగిలిపోయినవి ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిన ఫొటోలు ఎవరి గ్యాలరీల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు, వాటిని వెనక్కి తెప్పించే దారి లేదని పాపకు దాచకుండా చెప్పాం. ఫిర్యాదు మీద విచారణ నేను ఇది రాసేనాటికి ముగియలేదు. తల్లి అప్పుడప్పుడు పాప పేరు, ముద్దుపేరు, స్కూలు పేరు కలిపి వెతికి చూస్తోంది. స్క్రీన్‌షాట్ల ఫైలు, పోర్టల్ నంబరు ఇంట్లో బీరువాలో ఉన్నాయి. చిన్నదాని పుట్టినరోజుకు తండ్రి పెట్టిన ఫొటోలో కేకు, బెలూన్లు, పిల్లల వీపులు మాత్రమే ఉన్నాయి. కింద ఎవరో ముద్దుపేరుతో కామెంట్ పెడితే పెద్దపాపే తండ్రికి చూపించి తీయించిందట.